ఊహ తెలిసిన మనిషి

'నాకు ఊహ తెలిసినప్పటి నుంచి' అని మొదలుపెట్టి మనం ఎన్నో సంగతులు చెప్పుకుంటాం. పసితనం దాటి తెలివిడిలోకి అడుగుపెట్టిన వేళను తెలుగువాళ్లు 'చూపు తెలిసినప్పుడు' అనలేదు, 'మాట తెలిసినప్పుడు' అనీ అనలేదు. మనిషి మనిషిగా మొదలయ్యేది ఊహతోనే అన్న గ్రహింపు ఆ పలుకుబడిలో ఉంది. మరి అదే భాష 'ఊహల్లో తేలిపోకు' అని మందలిస్తుంది. 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అని ఎద్దేవా చేస్తుంది. ఒకచోట నెత్తిన పెట్టుకుని మరోచోట కొట్టిపారేయడమేమిటని అనిపించవచ్చు. కానీ ఇందులో వైరుధ్యం లేదు. ఊహలు రెండు రకాలని మన పెద్దలకు తెలుసు. ఒకటి మనిషిని లేచి పనిలోకి దిగేలా చేస్తుంది, రెండోది ఉన్నచోటే కూలేస్తుంది. ఈ రెండింటినీ వేరుచేసే గీటురాయి అడ్డంకి. అడ్డంకిని తనలోకి రానిచ్చి, దానితో పెనుగులాడే ఊహ సృజన అవుతుంది. అడ్డంకిని గడప బయటే నిలబెట్టిన ఊహ పగటికలగానే మిగిలిపోతుంది. ఏ కట్టుబాటూ లేనప్పుడే కొత్త ఆలోచనలు వస్తాయని చాలామంది నమ్ముతారు. ఆధారాలు మాత్రం అందుకు విరుద్ధంగా ఉన్నాయి.

పంచతంత్రంలోని పిండికుండ కథ అందరికీ తెలిసిందే. బ్రాహ్మడు మంచం మీద పడుకుని, పైన వేలాడుతున్న పిండికుండ వైపు చూస్తూ లెక్కలు వేస్తాడు. కరువొస్తే పిండి అమ్మి మేకలు కొనాలి, మేకలతో ఆవులు, ఆవులతో గేదెలు, ఆపైన గుర్రాలు, బంగారం, ఇల్లు, పెళ్లి, కొడుకు. చివరికి ఊహలోని భార్యను తన్నబోయి కుండనే తన్నుకుంటాడు. అతనికి ఊహాశక్తి తక్కువేమీ కాదు, లెక్కలో వరసా ఉంది. లేనిదల్లా అడ్డంకి. ఆ లెక్కలో ఒక్క మేకకూ జబ్బు చేయలేదు, ఒక్క బేరమూ బెడిసికొట్టలేదు. ఈ సంగతిని మన కాలంలో పరిశోధనతో తేల్చినవారు జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియెల్ ఓటింగెన్. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన స్త్రీలను పరిశీలించి, థామస్ వాడెన్‌తో కలిసి ఆమె 1991లో ఒక అధ్యయనం ప్రచురించారు. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవారు ఎక్కువగానే తగ్గారు. కానీ అప్పటికే సన్నబడిపోయినట్టు తియ్యతియ్యగా ఊహించుకున్నవారు తక్కువ తగ్గారు. ఫలం రుచిని మనసు ముందే చూసేస్తే చెట్టెక్కే ఓపిక సన్నగిల్లుతుంది. అలాగని ఊహ మానేయమని ఆమె చెప్పలేదు. కోరికను కళ్లకు కట్టించుకున్న వెంటనే, దానికి అడ్డుపడేది తనలో ఏముందో అదీ ఊహించుకోమన్నారు. విజయాన్ని రోజూ కళ్లముందు నిలుపుకుంటే చాలని చెప్పే పుస్తకాలు ఈ రెండో సగాన్ని వదిలేస్తున్నాయి.

అడ్డంకి ఊహకు మేతగా ఎలా మారుతుందో చూపడానికి తెలుగువాళ్లకు అవధానాన్ని మించిన ఉదాహరణ అక్కర్లేదు. నిషిద్ధాక్షరిలో అవధాని పద్యం మొదలుపెట్టి ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం వస్తుందో పసిగట్టి, ప్రశ్నలడిగే పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అవధాని ఆ దారి వదిలి మరో మాట వెతుక్కోవాలి. ఛందస్సు చెడకూడదు, అర్థం తప్పకూడదు. దత్తపదిలో ఒకదానికొకటి పొసగని నాలుగు పదాలిచ్చి, వాటన్నిటినీ ఒకే పద్యంలో ఇమడ్చమంటారు. సమస్యలో పైకి అసంబద్ధంగానో అశ్లీలంగానో కనిపించే పాదాన్ని ఇచ్చి, దానికి సబబైన అర్థం వచ్చేలా మిగతా పద్యం పూరించమంటారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతూనే ఉంటాడు. ఇదంతా కవిని వేధించడానికి పెట్టింది కాదు. తేలిగ్గా నోటికొచ్చే మాట ఎప్పుడూ అలవాటైన మాటే అయివుంటుంది. ఆ దారిని మూసేస్తేనే మనసు కొత్త దారి తొక్కుతుంది. ఇక్కడ అక్షరాన్ని నిషేధించే పృచ్ఛకుడు ఒకరకంగా పద్యానికి సహకర్త. తిరుపతి వెంకట కవులు ఊరూరా అవధానాలు చేస్తూ తిరిగిన రోజుల్లో జనం గుంపులుగా కూడింది ఈ అడ్డంకుల్ని దాటే విద్య చూడటానికే.

అడ్డంకే లేని చోట మనసు ఏం చేస్తుందో కూడా చూడాలి. అమెరికాలో అబ్రహాం లూచిన్స్ 1942లో ప్రచురించిన నీళ్ల జాడీల ప్రయోగం దానికి నిలువుటద్దం. 21, 127, 3 కొలతల జాడీలు మూడున్నాయి. వాటితో సరిగ్గా 100 కొలతల నీళ్లు పట్టాలి. పెద్ద జాడీ నింపి, అందులోంచి 21 ఒకసారి, 3 రెండుసార్లు వంపేస్తే 100 మిగులుతుంది. ఇదే పద్ధతిలో తేలే లెక్కలు వరసగా ఇచ్చిన తర్వాత, 23, 49, 3 కొలతల జాడీలతో 20 పట్టమన్నారు. ఇరవైమూడులోంచి మూడు తీసేస్తే సరిపోతుంది. అయినా చాలామంది పాత పద్ధతినే పట్టుకుని, పెద్ద జాడీ నింపి, దాంట్లోంచి 23 ఒకసారి, 3 రెండుసార్లు వంపారు. ఆ లెక్కలు ముందుగా చేయనివాళ్లకు మాత్రం సులువైన దారి వెంటనే కనిపించింది. పాత దారి ఇంకా పనిచేస్తూ ఉండటమే ఇక్కడ చిక్కు. అది ఎక్కడా ఆగిపోదు కాబట్టి కొత్తది వెతకాల్సిన అవసరమే మనసుకు తోచదు. ఉద్యోగంలో, వ్యాపారంలో, చదువులో ఏళ్ల తరబడి ఒకేచోట తిరిగేవాళ్లలో ఎక్కువమందికి తెలివి తక్కువై అలా జరగడం లేదు. నడుస్తున్న బండిని ఆపి చూసే సందర్భం వాళ్లకు రావడం లేదు. అలాంటప్పుడు పృచ్ఛకుడి పాత్ర మనమే వహించి, 'ఈ పద్ధతి నిషిద్ధం, మరెలా చేస్తావు?' అని అప్పుడప్పుడూ మనల్ని మనం అడగాలి.

జీవితమే నిషేధం విధించినప్పుడు ఊహ ఎంత దూరం పోగలదో చింతకింది మల్లేశం చూపించారు. ఆలేరు దగ్గరి శారాజీపేటలోని చేనేత కుటుంబం ఆయనది, చదువు ఆరో తరగతితో ఆగింది. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందుగా ఆసు పోయాలి. ఒకవైపు ఉన్న మేకు నుంచి, ఎదురుగా అర్ధచంద్రాకారంలో ఉన్న మేకులకు ఒక్కొక్కదానికీ పోగును చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు కదలాలి. భుజం నొప్పితో ఇక ఈ పని చేయలేనని తల్లి లక్ష్మి అన్నప్పుడు, ఆ చెయ్యి చేసే పనిని యంత్రంతో చేయించాలని మల్లేశం 1992లో పూనుకున్నారు. యంత్రం ఒక్కసారిగా ఆయన తలలో మెరవలేదు. చేతి కదలికను విడివిడి ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్కకూ పరిష్కారం వెతుక్కుంటూ వెళ్లారు. డబ్బు లేక, నమ్మేవాళ్లు లేక పని మధ్యలో ఆగింది. బతుకుతెరువు కోసం హైదరాబాదు చేరి కూలి చేశారు. చివరికి ఎలక్ట్రిక్ పని మీద వెళ్లిన ఒక చోట మరో యంత్రం కదలిక కంటపడి, చిక్కుముడి విడింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఎలక్ట్రిక్ పనికి వెళ్లిన రోజు ఆ మరో యంత్రాన్ని చూసినవాళ్లు ఆయన ఒక్కరే కాదు, అక్కడ రోజూ పనిచేసేవాళ్లు ఎందరో ఉండే ఉంటారు. అందులో ఆసు కనిపించింది మాత్రం ఏడేళ్లుగా ఆసు ప్రశ్నను మోస్తున్న మనిషికే. యాదృచ్ఛికంగా కలిసొచ్చిందని అంటే అనవచ్చు. కానీ ప్రశ్నే లేని మనిషికి కలిసిరావడానికంటూ ఏముంటుంది?

అడ్డంకిని దాటడం ఒక తీరైతే, దాన్నే పనిముట్టుగా మలచుకోవడం ఇంకో తీరు. భీమవరంలో 1895లో పుట్టి అమెరికాలో పరిశోధన చేసిన యల్లాప్రగడ సుబ్బారావు, లెడర్లే సంస్థలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. శరీరంలో కణాలు పెరగడానికి, విభజన చెందడానికి అది కావాలి. అదుపు తప్పి పెరిగే కణాలకూ అదే కావాలి. అలాగైతే ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ దాని పనికి అడ్డుతగిలే పదార్థాన్ని తయారుచేస్తే? అలా తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చారు. కొందరిలో వ్యాధి తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వైద్యంలో వాడుకలో ఉంది. 'పెంచేది ఏది?' అన్న ప్రశ్నకు దొరికిన జవాబునే తిరగేసి 'ఆపేది ఏది?' అని అడగడంలో ఉంది ఇక్కడి సృజన. ప్రశ్నను తిరగేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు. 'పిల్లవాడు ఎందుకు చదవడం లేదు?' అని కుమిలే తల్లిదండ్రులు, 'వాడు గంటల తరబడి ఇష్టంగా చేసే పని ఏది, అందులో ఏముంది?' అని అడిగి చూస్తే, అదే ఇంట్లో కొత్త సంగతులు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇదంతా ప్రతిభావంతుల కథ, ప్రతిభ పుట్టుకతో రావాలి కదా అంటారు. ఈ ప్రశ్న మన ఆలంకారికులు తలలు పండేలా చర్చించిందే. కావ్యప్రకాశం రాసిన మమ్మటుడు శక్తిని, లోకాన్నీ శాస్త్రాలనూ చూసి సంపాదించే నైపుణ్యాన్ని, తెలిసినవారి దగ్గర చేసే అభ్యాసాన్ని చెప్పి, మూడూ కలిసి ఒకే కారణం అన్నాడు. మూడు వేర్వేరు కారణాలని అనలేదు. దండి ఇంకో అడుగు ముందుకేసి, సహజ ప్రతిభ లేకపోయినా చదువుతో, శ్రమతో కొలిస్తే సరస్వతి ఎంతో కొంత అనుగ్రహిస్తుందని కావ్యాదర్శంలో భరోసా ఇచ్చాడు. పుట్టుకతో వచ్చే తేడాలు లేవని ఎవరూ అనలేరు. అయితే పుట్టుక మన చేతిలో లేదు, మిగతా రెండూ ఉన్నాయి. చేతిలో లేనిదాన్ని సాకుగా చూపి చేతిలో ఉన్నవాటిని వదులుకోవడం ఎక్కడి తెలివి?

బట్టీ చదువులు ఊహను చంపేస్తున్నాయి, జ్ఞాపకాన్ని పక్కన పెట్టాలన్నది ఇంకో వాదన. అర్థం తెలియకుండా అప్పజెప్పడం వృథా అన్నంతవరకు అది నిజమే. కానీ ఊహకు ముడిసరుకు జ్ఞాపకమే. అవధానం చివర చేసే ధారణను, అంటే పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పడాన్ని, తీసేస్తే అవధానమే లేదు. వేల మాటలు నోటికి రానివాడు నిషిద్ధాక్షరిలో రెండో అక్షరం దగ్గరే చేతులెత్తేస్తాడు. ఫోన్‌లో అన్నీ దొరుకుతున్నాయి, కృత్రిమ మేధ క్షణంలో జవాబిస్తోంది కాబట్టి ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదనేవారు ఒకటి గమనించాలి. ఫోన్‌లో ఉన్న రెండు సంగతులు మన తలలో ఢీకొనవు. ఆ యంత్రాలను వాడుకోవచ్చు, వాడుకోవాలి కూడా. కానీ ఏది అడగాలో తెలియాలన్నా, వచ్చిన జవాబులో తప్పు పట్టాలన్నా మన దగ్గర కొంత సరుకు ఉండాలి.

మరి సాధన ఎలా? మొదట ఒక ప్రశ్నను ఎంచుకోవాలి. 'జీవితంలో పైకి రావాలి' అన్నది ప్రశ్న కాదు. 'నా దుకాణానికి ఒకసారి వచ్చినవాళ్లు రెండోసారి ఎందుకు రావడం లేదు?' అన్నది ప్రశ్న. దాన్ని కాగితం మీద రాసి, కింద అడ్డంకులను ఒక్కొక్కటిగా రాయాలి. తర్వాత తోచిన ఉపాయాలన్నీ, పిచ్చివనిపించినవి కూడా, మంచిచెడ్డలు ఎంచకుండా రాసుకోవాలి. ఎంచడం మర్నాటి పని. ధాన్యాన్ని నూర్చడం, తూర్పారబట్టడం ఒకేసారి చేయం కదా. నలుగురితో చర్చించబోయే ముందు ఎవరికి వారు విడిగా ఆలోచించుకోవడం మేలు. గుంపుగా కూర్చుని ఆలోచించినవారికన్నా, విడివిడిగా ఆలోచించిన అంతేమంది ఉపాయాలను కలిపితే ఎక్కువ వచ్చాయని 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం తేల్చింది. ఎంత తన్నుకున్నా దారి తోచకపోతే పనిని కాసేపు పక్కన పెట్టాలి. బ్రిటన్‌కు చెందిన గ్రాహం వాలస్ 1926లోనే ఈ విరామాన్ని ఆలోచనలో ఒక దశగా గుర్తించాడు. అయితే విరామం పనిచేసేది ముందు గట్టిగా శ్రమపడ్డవారికే. నానబెట్టిన గింజే మొలకెత్తుతుంది, ఖాళీ గిన్నెను ఎంతసేపు మూతపెట్టి ఉంచినా ఏమీ రాదు. ఆ విరామాన్ని ఫోన్ తెరకు అప్పగిస్తే నానడానికీ చోటుండదు. చివరగా, ఏరుకున్న ఉపాయాన్ని చిన్న మోతాదులో చేసి చూడాలి. పరీక్షకు నిలబడని ఊహను వదులుకునే ధైర్యం లేనివారికి మెరుగైన ఊహ రాదు.

ఇవన్నీ చేసినా అందరూ గెలవరు. పెట్టుబడి, ఆరోగ్యం, ఆదుకునే మనుషులు, కాలం కలిసిరావడం అన్నీ లెక్కలోకి వస్తాయి. ఊహ ఉంటే చాలు, పేదరికం అడ్డే కాదని చెప్పడం కష్టపడి ఓడినవారిని అవమానించడమే. ఊహ గెలుపుకు హామీ ఇవ్వదు. కానీ మూసుకున్న తలుపు ముందు నిలబడ్డ మనిషికి, గోడలో మరో చోటు ఉందేమో వెతికే శక్తి ఇస్తుంది. ఏ ఒక్క దారినో నమ్ముకుని అది మూసుకుపోగానే కుంగిపోతున్న యువతీయువకులకు ఇవాళ అన్నిటికంటే అవసరమైనది ఆ శక్తే.

కాబట్టి ఈ రాత్రి ఒక కాగితం తీసుకోండి. మిమ్మల్ని చాలాకాలంగా ఆపుతున్న అడ్డంకి ఏదో ఒక్క వాక్యంలో రాయండి. దాన్ని తిట్టుకోకండి, దాని నుంచి కళ్లు తిప్పుకోకండి. మీకు అక్షరం నిషేధించిన పృచ్ఛకుడు అదే. తర్వాతి అక్షరం వెతకాల్సింది మీరే.