చెరిపేయకూడని రీడింగు

మా నిజాంపేటలో పదో తరగతి ప్రయోగ రికార్డులు దిద్దేటప్పుడు ఒక విషయం గమనిస్తుంటాం. కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కునే ప్రయోగంలో రీడింగులన్నీ ఒకే విలువ ఇస్తాయి. తేడా వచ్చినదాన్ని పిల్లలు రబ్బరుతో చెరిపేస్తారు. మార్కులు తగ్గుతాయన్న భయం వారికి పెట్టింది మనమే.

హబుల్ అంతరిక్ష టెలిస్కోపు కథ పిల్లలకు చెప్పదగినది. 1990 ఏప్రిల్‌లో దాన్ని కక్ష్యలోకి పంపాక ఫొటోలు మసకగా వచ్చాయి. 2.4 మీటర్ల దర్పణం అంచు దగ్గర సుమారు 2 మైక్రాన్లు ఎక్కువ అరిగింది. దర్పణాన్ని పరీక్షించే పరికరంలో ఒక కటకం ఉండాల్సిన దూరానికి 1.3 మిల్లీమీటర్ల తేడాతో బిగిసింది. కొలిచేదే తప్పైతే తప్పు దర్పణం కూడా సరిగానే కనబడుతుంది కదా! వేరే పరీక్షలు లోపాన్ని చూపించాయి కూడా. అవి అంత ఖచ్చితమైనవి కావంటూ ఆ ఫలితాలను పక్కన పెట్టారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిదిద్దే అద్దాలు అమర్చాల్సి వచ్చింది.

హబుల్‌తో చేసే పరిశీలనల్లో కొన్ని ఇప్పటికీ చెడిపోతుంటాయి. గురి నిలపడానికి వాడే మార్గదర్శక నక్షత్రం ఒక్కోసారి దొరకదు. అప్పుడు శాస్త్రవేత్త 90 రోజుల్లోగా కారణం రాసి మళ్లీ అవకాశం అడగవచ్చు. నక్షత్రం చిరునామా తానే తప్పు రాసి ఉంటే మాత్రం సాధారణంగా ఇవ్వరు. ఇది వినగానే మా పిల్లలు, "సార్, వాళ్లకూ సప్లిమెంటరీ ఉందా!" అన్నారు.

మన ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లింది. ఉపగ్రహం కొద్దిగా కదులుతూనే ఉంటుంది కాబట్టి అందులోని అతినీలలోహిత టెలిస్కోపు సెకనుకు సుమారు 29 ఫ్రేములు తీస్తుంది. ఏ ఫ్రేము ఎంత జరిగిందో నేల మీది కంప్యూటర్లు లెక్కగట్టి, సర్ది, ఆపైనే కలుపుతాయి. దక్షిణ అట్లాంటిక్ మీదుగా పోయేటప్పుడు ఆవేశ కణాలు డిటెక్టర్లను తాకుతాయి. ఆ నిమిషాలను గుర్తించి లెక్క నుంచి తీసేస్తారు, ఎందుకు తీశారో కూడా నమోదవుతుంది. 2018లో ఆ టెలిస్కోపులోని ఒక డిటెక్టరు పూర్తిగా ఆగిపోయింది. ఆ సంగతి దాచలేదు. మిగిలినవాటితో పని సాగించారు.

ఈ ఏడాది మా రికార్డు పుస్తకాల్లో 'తేడా వచ్చిన రీడింగు, కారణం' అని ఒక గడి గీయించాం. దానికి మార్కులు తగ్గించం. మొదటి వారం అన్నీ ఖాళీగానే వచ్చాయి. రెండో వారం ఒక అమ్మాయి రాసింది: "ఫ్యాను వేసి ఉంది, కొవ్వొత్తి మంట ఊగింది."