పొలమారిన పల్లీ గింజ

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. పది రోజుల కిందట పల్లీలు తింటూ పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యాడు. కాసేపటికి తేరుకున్నాడు. అప్పట్నుంచీ దగ్గు, పిల్లికూతలు. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. మందులు వాడితే తగ్గుతుందా?

జవాబు: మందులతో కాలయాపన వద్దమ్మా. ఇవాళే పిల్లలకు బ్రాంకోస్కోపీ చేసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొలమారిన సంగతి మొట్టమొదట చెప్పండి. రోగనిర్ధారణలో అన్నిటికన్నా విలువైన ఆధారం అదే. పల్లీ సాధారణంగా ఎక్స్‌రేలో కనిపించదు. కాబట్టి ఫిల్మ్ బాగుందని గింజ లేదనుకోకూడదు. శ్వాసనాళంలో ఇరుక్కున్న గింజ తడికి ఉబ్బుతుంది. దాని నూనెకు లోపలి పొర వాస్తుంది. ఒక్కోసారి గాలి లోపలికి వెళ్తుంది కానీ బయటకు రాదు, ఆ పక్క ఊపిరితిత్తి ఉబ్బిపోతుంది. ఆలస్యమైతే న్యుమోనియా రావచ్చు. బ్రాంకోస్కోపీలో మత్తిచ్చి, నోటిగుండా గొట్టం పంపి, గింజను సన్నటి పట్టకారుతో తీసేస్తారు. కోత ఉండదు, భయపడకండి. వెళ్లేలోపు ఆయాసం పెరిగినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గొంతులో వేలు పెట్టి వెతకొద్దు, గింజ ఇంకా లోపలికి పోవచ్చు. ఐదేళ్లు నిండేదాకా పల్లీలు, పుట్నాలు పొడి చేసే పెట్టండి.