లేపాక్షి నేల మీద ఇంకో సేవా పాఠం: ఫాదర్ ఫెర్రర్

లేపాక్షి వీడియోలో వేలాడే స్తంభం, ఏకశిలా బసవన్న చూశారు కదా. ఊరి పేరు వెనకున్న కథని మాత్రం నిమిషంలో దాటేశాం. రెక్కలు తెగి పడి ఉన్న జటాయువుని చూసి రాముడు "లే పక్షీ" అన్నది ఇక్కడేనని స్థలపురాణం. ముసలి పక్షి, ఎదురుగా రావణుడు. సీతమ్మని కాపాడలేకపోయాడు కూడా. అయినా రాముడు కన్నతండ్రికి చేసినట్టు అంత్యక్రియలు చేశాడు.

ఈ కరువు సీమలోనే సేవ గురించి నేర్చుకోదగ్గ ఇంకో జీవితం ఉంది. అది ఒక క్రైస్తవుడిది. పేరు విన్సెంట్ ఫెర్రర్. అనంతపురం వాళ్లకి ఫాదర్ ఫెర్రర్.

ముందు ఈ నేల సంగతి. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడటం, పంట పోతే బెంగళూరు బస్సెక్కడం: ఎన్నో కుటుంబాల కథ ఇదే.

ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టారు. జెస్యూట్ సభ తరఫున 1952లో మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతులకి గోధుమలు, నూనె ఇచ్చి వాళ్ల బావులు వాళ్లే తవ్వుకునేలా చేశారు. అక్కడి పెద్దలకి ఇది నచ్చలేదు. 1968లో దేశం వదలమన్నారు. రైతులు ఆయన కోసం రోడ్డెక్కారు. ఇందిరాగాంధీ జోక్యంతో తిరిగొచ్చి 1969లో అనంతపురం చేరారు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, అంటే అందరూ అనే ఆర్డీటీ, అలా మొదలైంది.

నన్ను ఆపేసిన విషయం తర్వాతిది. 1970లో ఆయన జెస్యూట్ సభ వదిలేశారు, ఆన్‌ని పెళ్లి చేసుకున్నారు. గురువు హోదా పోయింది, పని మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. దళితవాడల్లో పక్కా ఇళ్లు, పల్లె బడులు, బత్తలపల్లిలో పెద్దాసుపత్రి. 2009లో చనిపోయేదాకా, 40 ఏళ్లు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లాంచ్ రోజు కేక్ కోసేవాళ్లు చాలామంది, తెల్లారుజాము 3 గంటలకి ప్రొడక్షన్ సపోర్ట్‌లో కూర్చునేవాళ్లు కొద్దిమంది. పుట్టినరోజు అన్నదానం సెల్ఫీతో అయిపోతుంది. ఆసుపత్రి రేపు కూడా తలుపు తెరవాలి.

"మిషనరీ కదా, సేవ పేరుతో మతం మార్చడమే కదా?" అని మీలో కొందరికి అనిపిస్తుంది. అడగాల్సిన ప్రశ్నే. నా కొలత ఒక్కటే: మతం మారనివాడికి కూడా ఆ సాయం అందుతుందా? కులం, మతం చూడకపోవడమే ఆర్డీటీ పెట్టుకున్న నియమం. షరతు పెట్టి ఇచ్చేది ఎవరిచ్చినా బేరమే, మనవాళ్లు ఇచ్చినా సరే.

మరి ఆయన విశ్వాసం ఎక్కడుంది? మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఒక తీర్పు వస్తుంది. అక్కడ రాజు అడిగేది ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, దాహంతో ఉన్నవాడికి నీళ్లిచ్చావా అనే. అల్పుడికి చేసింది తనకి చేసినట్టే అంటాడు. మన భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడు ఇంచుమించు ఇదే పరీక్షకి నిలబడ్డాడు. 48 రోజులు పస్తున్న రాజు చివరికి మిగిలిన నీళ్లు కూడా దాహంతో వచ్చిన చండాలుడికి ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు వచ్చింది దేవతలని అతనికి తెలీదు. రెండు మతాలూ ఒకటే అని నేను అనను, సిద్ధాంతాల్లో తేడాలు చాలా ఉన్నాయి. కానీ దాహంతో ఉన్న మనిషి దగ్గర రెండు గ్రంథాలూ ఆగాయి.

ఈ వారం రంతిదేవుడి కథ చదవండి, నాలుగైదు పేజీలే. చదువుతూ ఒకటి గమనించండి: ఆ నీళ్లిచ్చే ముందు అతను దేవుణ్ణి ఏం వద్దన్నాడు, ఏం కావాలన్నాడు? వచ్చే వీడియో అక్కణ్ణుంచే మొదలుపెడదాం.