ధర్మపురి నరసింహుడి నుంచి అంతర్వేది నరసింహుడి దాకా

చిరంజీవి బిడ్డకు, కరీంనగర్ నుంచి పెద్దబాపు దీవించి రాయునది.

సంక్రాంతి సెలవులకు నువ్వు, అల్లుడు కారు కిరాయికి తీసుకుని, మీరే నడుపుకుంటూ విశాఖ, అరకు చూసి మూడు రోజుల్లో తిరిగొస్తారని మీ మేనత్త కబురు మోసుకొచ్చింది. ఆడపిల్ల అంత దూరం స్టీరింగు పట్టుడేందని ఆమె రంది. మీ పెద్దబాపుకు ఆ రంది లేదు. అల్లుడికంటే నువ్వే నిదానంగా నడుపుతావని ఆయనకు ఎరుకే (ఈ ముక్క అల్లుడికి చదివి వినిపించకు). ఆయన రంది ఒకటి తొవ్వ గురించి, రెండోది గేరు గురించి.

కరీంనగర్ నుంచి విశాఖ దగ్గర దగ్గర ఆరు వందల కిలోమీటర్లు. అక్కడి నుంచి అరకు ఇంకో నూటపదిహేను, అందులో శృంగవరపుకోట దాటాక అంతా ఘాటే. మూడు రోజుల్లో ఇంత తిరిగితే చూసేది సముద్రం కాదు, లారీల వెనక రాతలు. పైగా ఆ వారం హైదరాబాదులో ఉన్న ఆంధ్రోళ్లంతా ఊళ్లకు బయల్దేరతారు. అరకు ఎక్కడికీ పోదు. దానికి వేరే వారం పెట్టుకుని భీమిలి నుంచి ఎక్కండి. బొర్రా గుహల్లోంచి పారే గోస్తని నది భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది.

ఈసారికి పెద్దబాపు చెప్పే తొవ్వ వినండి. మన గోదారి వెంట పోండి.

ధర్మపురిలో మొదలుపెట్టండి. నీ పుట్టువెంట్రుకలు తీసింది అక్కడే. లక్ష్మీనరసింహుడికి మొక్కి, గోదారి ఒడ్డుకు దిగి నీళ్లు నెత్తిన చల్లుకుని బయల్దేరండి. అదే నది సముద్రంలో కలిసే అంతర్వేదిలోనూ ఉన్నది లక్ష్మీనరసింహుడే. ఇద్దరు నరసింహుల నడుమ గోదారికి ఇంత కథ ఉంటే, మన పిల్లలు గూగుల్ చూపించిన హైవే పట్టుకుని పోవుడు మీ పెద్దబాపుకు నచ్చదు.

మంథని మీదుగా కాళేశ్వరం. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. మహారాష్ట్ర దిక్కు నుంచి ప్రాణహిత వచ్చి కలిశాక నది వెడల్పు చూడండి, ధర్మపురిలో చూసిన గోదారేనా ఇది అనిపిస్తుంది. పక్కనే మేడిగడ్డ బ్యారేజీ. 2019లో ప్రారంభించారు, 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాయి. దాని మీద వాదన ఇంటికొచ్చాక మీ నాయనతో పెట్టుకోండి, బండి నడిపేటప్పుడు వద్దు. రాత్రికి తాడ్వాయి చేరాలి. చీకటి పడ్డాక అడవి తొవ్వలో బండి తీయవద్దు, పశువులు రోడ్డు మీదే పండుకుంటాయి.

మర్నాడు ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీద గోదారిని దాటితే వాజేడు. బొగత జలపాతం అక్కడే. జనవరికి నీళ్లు పలచబడతాయి, అయినా ఆగండి. తర్వాత వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం మీదుగా ఎడమ ఒడ్డునే భద్రాచలం. ఇసుక లారీలు తిరిగే తొవ్వ, గుంతలుంటాయి, తొందరపడవద్దు. రాముడి గుడి కాడ ఆ రాత్రి ఉండండి. పెద్దమ్మ పేరు మీద అర్చన చేయించాలి. గోత్రం మరిచిపోయి ఉంటావు, ఫోన్ చెయ్యి.

ఇక గేరు ముచ్చట. భద్రాచలం నుంచి చింతూరు, అక్కడి నుంచి మారేడుమిల్లి ఘాట్. మీ సినిమా వాళ్లు 'పుష్ప' తీసిన అడవి. ఒకదాని వెనక ఒకటి మలుపులు, పొద్దున పూట పొగమంచు, చాలా దూరం ఫోనులో సిగ్నల్ ఉండదు. అక్కడ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయవద్దు. పెట్రోలు మిగులుతుందని ఎవడు చెప్పినా వినవద్దు. అల్లుడు చెప్పినా వినవద్దు.

పెద్దబాపు చదువు మానేసి కొన్నాళ్లు నాగపూర్ లారీ మీద క్లీనరుగా తిరిగిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, తాత కొట్టిన దెబ్బలతో సహా. అప్పుడు నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఒంటి రోడ్డు. ఇప్పటి నాలుగు లైన్లు ఎక్కడివి! సంత్రాల లోడుతో దిగుతుంటే క్లీనరు పని ఎడమ తలుపు కాడ చెక్కమొద్దు పట్టుకుని తయారుగా ఉండుడు. బండి జారితే దూకి టైరు కింద పెట్టాలి. ఎక్కేటప్పుడు ఎదురుగా ఎవడైనా ఘాట్ దిగి వస్తే, వాడు ఎట్లా దిగాడో ముక్కుతోనే తెలిసేది. బ్రేకులు కాలిన వాసన అంటే న్యూట్రల్‌లో వచ్చినట్టే. లారీ నడిపే ఉస్తాద్ కిటికీలోంచి ఉమ్మేసి ఒకటే మాట అనేవాడు: "ఏ గేరుల ఎక్కుతవో గదే గేరుల దిగాలె." ఆదిలాబాద్ చలికి నేరడిగొండ కాడ చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని పెద్దబాపు ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో. ఆ చాయ్ రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు, అది వేరే సంగతి.

ఉస్తాద్ బడికి పోలేదు గానీ ఆ మాటలో సైన్సు ఉంది. గేరులో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో వేస్తే బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ప్యాడ్లు వేడెక్కి, బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. అప్పుడు పెడలు నొక్కితే కాలు నేల దాకా పోతుంది, బండి మాత్రం ఆగదు. ఇంజిను బందు చేస్తే ఇంకా ఘోరం. ఒకటి రెండు సార్లు నొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుస్తుంది, స్టీరింగు మొరాయిస్తుంది. కాబట్టి సెకండ్ గేరు. ఆటోమేటిక్ అయితే 'ఎల్'లో గానీ మాన్యువల్‌లో గానీ పెట్టాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా నొక్కి వదలాలి. ఇరుకు చోట దిగే బండే ఆగి, ఎక్కే బండికి తొవ్వ ఇవ్వాలి. ఇది ఉస్తాద్ సొంత చట్టం కాదు, మోటారు నిబంధనల్లోనూ ఉంది. కడెం కాడ మీ చిన్నబాపు బండికి ఏమైందో నీకు తెలుసు, రాసేది లేదు.

పెద్దబాపు భయపెడుతున్నాడనుకోకు బిడ్డా. నువ్వు సైకిల్ నేర్చుకునేటప్పుడు వెనక సీటు పట్టుకుని సర్కస్ గ్రౌండ్ చుట్టూ ఉరికినవాడికి ఇప్పుడు వెనక పట్టుకునే వీలు లేదు. అందుకే ఈ రాతంతా.

మారేడుమిల్లిలో బొంగు చికెన్ తినండి. రంపచోడవరం మీదుగా రాజమండ్రి. పాపికొండల పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, ఒడిలో కాదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు కాడ మునిగిన పడవలో మన వరంగల్ దిక్కు కడిపికొండ వాళ్లూ ఉన్నారు. ధవళేశ్వరంలో 1852లో కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్ట చోట ఇప్పుడు కొత్త బ్యారేజీ ఉంది. అక్కడి నుంచి నది పాయలుగా చీలుతుంది. వశిష్ఠ పాయ పక్కన రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. కోనసీమలో రోడ్డుకు ఆనుకునే కాలువలు, గట్ల మీద ఇద్దరూ ముచ్చట్లు బందు పెట్టాలి.

అంతర్వేదిలో గుడి చూశాక సంగమం. అలల్లో దిగవద్దు, నదీ సముద్రమూ ఒకదాన్నొకటి నెట్టుకునే చోటు అది. తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో కారును పంటు ఎక్కించి నరసాపురం చేరవచ్చు. పంటు మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, మళ్లీ గేరులోనే ఉంచండి.

అన్నింటికీ కలిపి అయిదు రోజుల సెలవు అడగండి. కారు సంగతి: మీరే నడుపుకునే కిరాయి బండికి నల్ల ప్లేటు మీద పసుపు అంకెలుండాలి. తెలిసినోడి తెల్ల ప్లేటు కారు చవకగా వస్తుందని తీసుకుంటే, ఏదైనా అయినప్పుడు బీమావాళ్లు ముఖం చాటేస్తారు. ఆంధ్రకు పోవడానికి కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని ముందే అడగండి. స్టెప్నీలో గాలి చూడండి, జాకీ ఉందో లేదో డిక్కీ తెరిచి నీ కళ్లతో చూసుకో.

పెద్దమ్మ సకినాలకు పిండి పట్టించింది. బయల్దేరే ముందు రోజు వచ్చి డబ్బా తీసుకుపోండి, ఆ సాయంత్రం పెద్దబాపు బండిని ఒక చక్కర్ కొట్టి చూస్తాడు.

ఇట్లు,
మీ పెద్దబాపు