మద్రాసుపై ఎండెన్ దాడి

చలనచిత్రసీమ జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లకు తరలిరాక పూర్వం మాట. కోస్తా, రాయలసీమలకు నాడు మద్రాసే రాజధాని. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ఆ నగరంపై ఫిరంగిగుండ్లు కురిపించింది. బర్మా ఆయిల్ కంపెనీ చమురుతొట్లు భగ్గుమన్నాయి. వేలాది జనులు ప్రాణభీతితో నగరం విడిచిపోయారు. సముద్రాధిపత్యం తమదేనన్న ఆంగ్లేయుల అతిశయం ఆ మంటల వెలుగులో వెలవెలబోయింది.

అంతమాత్రాన జర్మనీని విమోచకునిగా ఎంచరాదు. ఎండెన్ స్థావరమైన చింగ్‌తావ్, 1898లో చైనాను లొంగదీసి కౌలుకు పొందిన రేవు. నైరుతి ఆఫ్రికాలో 1904 మొదలు హెరెరో, నామా ప్రజలను ఊచకోత కోసినదీ ఆ దేశమే!

1914 నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎండెన్‌ను ధ్వంసం చేసింది. 1919 వర్సేల్స్ సంధితో జర్మనీ వలసలు విజేతల పరమయ్యాయి. అక్కడి ప్రజలకు స్వాతంత్ర్యం మాత్రం రాలేదు.