చేపకు జబ్బు రాకముందే

కొల్లేరు చుట్టుపక్కల శీలావతి, బొచ్చె పెంచుతూ ముసలివాణ్నయ్యాను. కొత్తగా చెరువు కౌలుకు తీసుకుంటున్న మా పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలి.

1. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే మందుల షాపుకు పరిగెత్తకండి, ఏరియేటరు వేయండి. లీటరు నీటిలో కరిగిన ప్రాణవాయువు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గిన చెరువులో మేత సరిగా అరగదు, మందు సరిగా పట్టదు.

2. చాలా రకాల చేపలు మనుషుల్లాగే విటమిన్ సి సొంతంగా తయారు చేసుకోలేవు. అది చాలకపోతే వెన్ను వంకరపోతుంది, పుండు మానదు. చేపపిల్లలు పలచగా ఉన్న చెరువులో సహజాహారంతో కొంత అందుతుంది. ఒత్తుగా వేసి, నూనె తీసిన తవుడు మీదే పెంచితే చాలదు. అయితే విటమిన్ సి పొడిని తవుడులో కలిపి సంచుల్లో కడితే చేప నోటికి చేరేలోపే చాలావరకు నీటిపాలవుతుంది. గుళికల మేతకు జిగురుతోనో నూనెతోనో పట్టించి, నీడన ఆరబెట్టి, ఆ రోజే వేయండి.

3. ప్రోబయోటిక్ అంటే బతికున్న సూక్ష్మజీవులు. పొద్దున బ్లీచింగో అయోడినో చల్లి, సాయంత్రం ప్రోబయోటిక్ వేస్తే డబ్బు దండగ.

4. పేను పట్టిన చేపకు బలం మందులు పెట్టి లాభం లేదు. ఆర్గులస్ అనే ఆ పేను కుట్టిన చోటే బాక్టీరియా దూరుతుంది, ముందు పేనును వదిలించాలి.

5. ఇక టీకా. నార్వే సాల్మన్ రైతులు 1987లో దాదాపు 50 టన్నుల యాంటీబయోటిక్స్ వాడారు. 1990ల మొదట్లో నూనె కలిపిన ఇంజెక్షన్ టీకా వచ్చింది. ఇప్పుడు పంట 10 లక్షల టన్నులు దాటినా మందు ఒక టన్ను కూడా పట్టడం లేదు. టీకా ఒక్కటే ఈ పని చేయలేదు. వేర్వేరు వయసుల చేపలను కలపడం మానేశారు, పంట తీసిన చోటును కొన్నాళ్లు ఖాళీగా వదిలేశారు. మనవాళ్లు ఈ సగం వినిపించుకోరు, నాకు బాధ కలిగేది అక్కడే.

టీకా ఆరోగ్యంగా ఉన్న చేపకే వేయాలి. చిన్న చేపపిల్లలను టీకా నీటిలో కాసేపు ముంచుతారు, పెద్దవాటికి మత్తిచ్చి పొట్టలో సూది వేస్తారు. మరీ పసి చేపపిల్లలకు రోగాన్ని గుర్తుపెట్టుకునే శక్తి ఇంకా రాదు. చేపది చల్లని రక్తం కాబట్టి రక్షణ ఎంత త్వరగా వస్తుందో నీటి వెచ్చదనం మీద ఉంటుంది. నార్వేలో రోజులను ఉష్ణోగ్రతతో హెచ్చవేసి చూస్తారు: 10 డిగ్రీల నీటిలో 50 రోజులైతే 500, సుమారుగా అప్పటికి రక్షణ వచ్చినట్టు. మన వెచ్చని నీటిలో అంతకాలం పట్టదు, అలాగని మర్నాడే రాదు.

మన శీలావతికి, బొచ్చెకు టీకా ఇంకా ప్రతి గట్టుకూ చేరలేదు. పరిశోధన సాగుతోంది. వచ్చాక కూడా అది ఏ రోగాల కోసం తయారైందో వాటికే పనిచేస్తుంది. ఎర్రమచ్చ కనిపించగానే ఏ బాక్టీరియానో పరీక్ష చేయించే అలవాటు ఇప్పుడే చేసుకోకపోతే రేపు ఏ టీకా కొనాలో తెలియదు.

6. యాంటీబయోటిక్ వాడాల్సి వస్తే మత్స్యశాఖ వాళ్లను అడిగి, చెప్పినన్ని రోజులూ వాడండి. పట్టుబడికి ముందు ఎన్నాళ్లు ఆపాలో రాసుకోండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధం, ఎవరు తెచ్చిచ్చినా గట్టెక్కనివ్వకండి. చేపపిల్ల కొనేటప్పుడు హేచరీలో ఏం మేత పెట్టారో, ఏ జబ్బు వచ్చిందో, ఏ మందు వాడారో అడిగి, చెరువు పుస్తకంలో మొదటి పేజీలోనే రాయండి.