నాకు నచ్చింది, నీకు నచ్చింది: పుస్తకాల రుచి గురించి ఒక పాఠం

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్నారు మన పెద్దలు. భోజనాల దగ్గర ఈ మాట మనందరం ఒప్పుకుంటాం. ఒకరికి ఆవకాయ కావాలి, ఇంకొకరికి ముద్దపప్పు చాలు. తెలుగు పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లలందరికీ ఒకటే వడ్డిస్తాం: నీతి కథలు, శతక పద్యాలు. అవి మంచివే. కానీ అవి తప్ప ఇంకేమీ పెట్టకపోతే, తెలుగు అంటే బుద్ధులు చెప్పే భాష, సరదాగా చదువుకునేది ఇంగ్లీషులో అని పిల్లలు నిర్ణయించేసుకుంటారు. ఆ నిర్ణయాన్ని తర్వాత మార్చడం చాలా కష్టం. అందుకని మా చిన్న తరగతుల్లో చేయించే ఒక పాఠాన్ని ఇక్కడ ఇస్తున్నాం. ఇంట్లో కూడా చేయించవచ్చు.

మొదటి మెట్టు: రుచి చూడడం

బల్ల మీద రకరకాల తెలుగు పుస్తకాలు పరుస్తాం. జంతువుల గురించి ఒకటి, జానపద కథలు ఒకటి, హాస్యం, పొడుపు కథలు, బొమ్మల కథలు, సైన్సు ప్రయోగాలు. ఒక్కొక్క పుస్తకం దగ్గర మూడు నిమిషాలు. చదవవచ్చు, ఊరికే బొమ్మలు చూడవచ్చు. చివరికి ఒకటి ఎంచుకోవాలి. ఇన్ని పుస్తకాలు లేకపోతే పాత చందమామ ఒక్కటి దొరికినా చాలు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో బేతాళ కథలు, జానపద సీరియళ్ళు, పురాణ గాథలు, ఫోటోకు వ్యాఖ్య రాసే పోటీ అన్నీ ఉండేవి. ఎవరు ముందుగా ఏ పేజీ తీస్తారో చూడండి.

రెండవ మెట్టు: మాట నేర్చుకోవడం

పిల్లలూ, ఇక్కడ కొంచెం వ్యాకరణం. మీలో కొందరు ఇంగ్లీషులో ఆలోచించి "నేను ఈ పుస్తకం నచ్చాను" అంటారు. "నేను నచ్చాను" అంటే ఎవరికో మీరు నచ్చారని అర్థం! "నాకు ఈ పుస్తకం నచ్చింది" అనాలి. రెండు పుస్తకాలైతే "నచ్చాయి". నచ్చేది పుస్తకం. ఎవరికి నచ్చిందో వారి పేరు చివర కు, కి చేరుతుంది: నాకు, నీకు, అక్కకు, తమ్ముడికి.

ఇప్పుడు ఈ రెండు వాక్యాలు చూడండి. "ఈ పుస్తకం బాగాలేదు." "ఈ పుస్తకం నాకు నచ్చలేదు." మొదటిది పుస్తకం మీద తీర్పు. అదే పుస్తకం ఇష్టపడ్డ మీ స్నేహితురాలు ఇక నోరు విప్పదు. రెండవది మీ రుచి మాత్రమే చెబుతుంది. "నాకు" అన్నప్పుడు, "నీకు నచ్చవచ్చు" అని కూడా అన్నట్టే.

మూడవ మెట్టు: ఒకరి మాట ఒకరు వినడం

ఇద్దరిద్దరు కూర్చోవాలి. ఒకరు "నాకు ఇది నచ్చింది, ఎందుకంటే..." అని చెప్పాలి. రెండవవారు "అందులో నీకు ఏ పేజీ బాగా నచ్చింది?" అని అడగాలి. "ఛీ", "బోరు", "అది చిన్నపిల్లల పుస్తకం" అనే మాటలకు ఆ పూట సెలవు. తర్వాత పుస్తకాలు మార్చుకుని ఒక్క పేజీ చదవాలి. అది మీకు నచ్చకపోయినా పరవాలేదు. మీ స్నేహితుడికి ఎందుకు నచ్చిందో చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే.

తల్లిదండ్రులకు

ఇంగ్లీషులో లావుపాటి పుస్తకాలు చదివే తొమ్మిదేళ్ళ పాప తెలుగులో కూడబలుక్కుంటూ చదువుతుంది. ఆమె రుచి తొమ్మిదేళ్ళది, తెలుగు చదువు అయిదేళ్ళది. చిన్న పుస్తకం ఇస్తే నామోషీ, పెద్దది ఇస్తే చదవలేదు. అందుకని ఆమెకు ఇష్టమైన విషయం మీద పుస్తకం తెచ్చి మీరే చదివి వినిపించండి. పేజీకి ఒక్క వాక్యం ఆమె చేత చదివించండి.

ఏది ఇష్టమో తెలియకపోతే, లైబ్రరీలో ఏ అర దగ్గర ఎక్కువసేపు నిలబడుతుందో గమనించండి. డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీల్లో 398.2 జానపద కథలు, 636 పెంపుడు జంతువులు, 741.5 కామిక్స్, 796 ఆటలు. ఆ అంకె తెలిస్తే తెలుగులో ఏం వెతకాలో మీకు తెలుస్తుంది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి.

ఒక్క విన్నపం. "నీ వయసులో అన్నయ్య ఎంత పెద్ద పుస్తకాలు చదివేవాడో!" అనకండి. బొమ్మల పుస్తకం పట్టుకున్న చేతిలోంచి అది లాక్కోకండి. అదే పుస్తకం పదోసారి అడిగినా విసుక్కోకండి.

సెలవుల్లో పని

పిల్లలూ, ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, "చిన్నప్పుడు మీకు ఏం చదవడం నచ్చేది?" అని అడగండి. వాళ్ళు చెప్పింది ఒక వాక్యం, మీకు నచ్చేది ఒక వాక్యం రాసుకుని రండి. బడి తెరిచిన మొదటి వారం అందరివీ గోడ మీద అంటిద్దాం.